చిటికెన వేలి వైపు

మార్చి 4, మంగళవారం

అనసీని ఎంపికైంది! నా కూతురు టోంగా జట్టులో ఉంది! పన్నెండు మందిలో ఆరో పేరు! రేడియోలో చదివారు. "అనసీని ఇసిలేలి" అని నా పేరు కూడా కలిపి చదివారు. నేను విన్నాను, నా భార్య వీకా విన్నది, వీధిలో పోతున్న గుర్రం కూడా విని ఆగింది.

వీకా కొబ్బరి తురుముతోంది. తురుమంతా ఒళ్లో పోసుకుని "మళ్లీ చదవమను, మళ్లీ చదవమను" అంటుంది. రేడియో మళ్లీ చదువుతుందా! అది అప్పటికే వాతావరణం వార్తల్లోకి వెళ్లిపోయింది. నేను ఒక కాలికి చెప్పుతో, ఇంకో కాలికి లేకుండా వీధి చివరిదాకా పరిగెత్తాను. డెబ్బై ఒకటో ఏట పరిగెత్తాను! ఎక్కడికో తెలియదు. వెనక్కి వచ్చాను.

ఈ పుస్తకం తాళ్ల కొలతలు రాసుకోవడానికి కొన్నది. తాళ్లు ఆగుతాయి. ముందు ఇది రాయాలి.

దేవుడా, పెళ్లయిన పంతొమ్మిదేళ్లకి ఈ పిల్లనిచ్చావు. అప్పుడే చాలనుకున్నాను. ఇంకా ఇస్తూనే ఉన్నావు! నెట్‌బాల్ గురించి నాకు తెలిసింది తక్కువ. పరిగెత్తుతూ ఎగిరి బంతి పట్టుకోవాలి, పట్టుకున్నాక ఇక నడవకూడదు, పడ్డచోటే ఆగిపోవాలి. అంత పరుగునీ ఒక్క కాలి మీద ఆపాలి. మా అనసీని ఆగినట్టు ఎవరూ ఆగలేరు. స్తంభం దింపినట్టు ఆగుతుంది.

జూలైలో పోటీలు. విమానం ఎక్కి వెళ్తుంది!

మార్చి 5, బుధవారం

అందరికీ చెప్పాను. ముందు ఆక్లాండ్‌లో ఉన్న తమ్ముడు ఫినావుకి ఫోన్ చేశాను. వాడు ఫోన్‌లోనే కేకలు పెట్టాడు. "అన్నా, నేను పంపిన బ్రేసుల మహిమ అది! ఆ బ్రేసులు మా అమ్మాయివి, అదృష్టం కాళ్లకంటుకుని వచ్చింది" అన్నాడు. నిజమే. కిందటేడు అనసీని చీలమండ మెలిక పడితే వాడే పంపాడు, రెండు కాళ్లకీ రెండు, చీలమండ మెలిక పడకుండా తాళ్లతో బిగించుకునే పట్టీలు. అప్పటినుంచి ఒక్క మెలిక లేదు.

తర్వాత వవాఊ దీవిలో ఉన్న బావమరిది సేమిసికి. తర్వాత సిడ్నీలో పినతల్లి కూతురు ఓఫాకి. తర్వాత పాస్టరు గారికి. దారిలో కనిపించిన ప్రతివాళ్లకీ.

మధ్యాహ్నం మా అక్క లావినియా దగ్గర్నుంచి వీకాకి కబురొచ్చింది. "పిల్లకి మేనత్తనని రేడియోకి తెలుసు కాబోలు, నాకు చెప్పింది. మీ ఆయనకి నా ఇంటి దారి తెలియదేమో, పాపం, నాలుగిళ్ల అవతలే."

తప్పే చేశాను. ఏ శుభమైనా ముందు అక్క గుమ్మానికి వెళ్లాలి. సంతోషంలో ఎవరికి గుర్తుంటుంది! ఒక పెద్ద చేపా, రెండు కందగడ్డలూ వీకా చేత పంపాను. చేప వచ్చింది గాని కబురు రాలేదని చెప్పమంది అక్క.

మార్చి 9, ఆదివారం

చర్చిలో లేచి నిలబడ్డాను. మా ఆచారం ప్రకారం నడుముకి చాప, మా నాన్నది, కట్టుకుని వెళ్లాను, చివర్లు చిరిగిపోయినా అదే కట్టుకున్నాను. నాకు మాటలు రావంటారు గాని ఈ రోజు ఆగలేదు. "దేవుడి ముందు, మీ అందరి ముందు మాటిస్తున్నాను. నా కూతురు జూలైలో టోంగా కోసం ఆడుతుంది. తిరిగొచ్చిన రోజున ఊరికి నాలుగు పందులు" అన్నాను.

అందరూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను. అనసీని తల వంచుకుని కూర్చుంది. సిగ్గు. చిన్నప్పటినుంచీ అంతే.

బయటికొచ్చాక వీకా, "మనకు ఉన్నవి మూడు పందులు కదయ్యా" అంది.

మార్చి 17, సోమవారం

ఈ రోజు కొత్త తాళ్లు వేశాను. బ్రేసులతో వచ్చిన తాళ్లు అరిగిపోయాయి. అవేం తాళ్లు, కుట్టుపని దారాల్లాంటివి. నేను కొబ్బరి పీచు తీసి, నానబెట్టి, తొడ మీద పేని, మూడు పాయల తాడు చేశాను. ముప్పై ఇళ్లకీ, చర్చి హాలు కప్పుకీ కట్టు కట్టిన చేయి ఇది. ఒక్క మేకు లేకుండా కట్టాను. ఏ తుఫానుకీ ఒక్క దూలం జారలేదు!

ప్రాక్టీసుకి పోయే ముందు రోజూ నేనే కడతాను. మొదటిసారి అనసీని ఒప్పుకోలేదు. "వద్దు నాన్నా, నా కాలు నీ ఒళ్లో పెట్టడమేంటి, ఎవరైనా చూస్తే!" అంది.

"ఇది కాలు కాదే, నాకు దూలం. దూలానికి మర్యాదేంటి?" అన్నాను. నవ్వి పెట్టింది.

దాని పాదం మా అమ్మది. నావీ, వీకావీ రొట్టెల్లాంటి పాదాలు, నేలకి మొత్తం అతుక్కుంటాయి. దీని అరికాలు మధ్యలో పైకి లేచి ఉంటుంది, కిందనుంచి కోడిపిల్ల దూరిపోవచ్చు. అందంగా ఉంటుంది. కాని కట్టేవాడికి ఖాళీ చూస్తే మనసాగదు. ఆ ఖాళీ కిందుగా కూడా రెండు చుట్లు తిప్పి, పైన దాటు వేసి లాగాను. చీలమండ అటూ ఇటూ వెంట్రుకవాసి తిరగదిప్పుడు. తాడుని గోటితో మీటాను. మోగింది.

"నాన్నా, కొంచెం బిగువుగా ఉంది."

"బిగువుగా ఉంటేనే ఇల్లు నిలబడుతుందే తల్లీ."

మా నాన్న మాటే అది. దీని వెనక ఇంకేదో కూడా అనేవాడు, గుర్తు రావడం లేదు.

మార్చి 22, శనివారం

పొద్దున్నే అనసీని రేవు ఇసుకలో పరిగెత్తింది, బ్రేసులతో, బూట్లు లేకుండా. నేను వెనకాల నడిచాను. దాని అడుగులు నాకు వెయ్యింటిలో తెలుస్తాయి. మడమ ఒక దీవి, వేళ్ల దగ్గర ఒక దీవి, రెంటికీ మధ్య చిటికెన వేలి వైపు సన్నని గీత.

ఎడమ కాలి గీత ఈ రోజు లోతుగా పడింది. చిటికెన వేలి వైపు, పాదం సగం దగ్గర. నీళ్లు నిలిచేంత. ఇసుక సముద్రం వైపు వాలుగా ఉంది కదా, అందుకే.

మార్చి 23, ఆదివారం

చర్చికి రేవు మీదుగా వెళ్లాం. నిన్న అటు వెళ్లాం, ఈ రోజు ఇటు వచ్చాం, వాలు ఇప్పుడు అవతలి కాలి వైపుంది. అయినా గీత ఎడమ కాలికే లోతుగా ఉంది.

ఇసుక మెత్తన ఈ మధ్య.

మార్చి 24, సోమవారం

కట్టు మోగింది.

ఏప్రిల్ 2, బుధవారం

కోచ్ సేలా ఇంటికొచ్చింది! మా ఇంటికి! కూర్చుని కొబ్బరి పాల చేప తిన్నది. "బాబాయ్, మీ అమ్మాయి లేకపోతే నాకు జట్టే లేదు" అంది. నేను తిరిగి చెప్పమన్నాను. మళ్లీ చెప్పింది. పక్కింటివాళ్లకి వినిపించేట్టు కూడా ఒకసారి చెప్పమన్నాను. నవ్వుతూ అదీ చెప్పింది.

వెళ్తూ వెళ్తూ, "ఎడమ కాలు కాస్త ఆచితూచి వేస్తోంది, చూశారా?" అంది.

కొత్త బూట్లు. కొత్త బూట్లు ఎవరికైనా కరుస్తాయి. అదే చెప్పాను.

ఇప్పుడు రేవు దారి మానేశాం. రోడ్డు దారే దగ్గర.

ఏప్రిల్ 13, ఆదివారం

మట్టల ఆదివారం. పాస్టరు గారు పేరుపెట్టి ప్రార్థించారు. "నీ కుమార్తె అనసీని పాదాలకు రాయి తగలకుండా" అన్నారు. గుండె ఉప్పొంగింది. మెట్లు దిగేటప్పుడు వీకా చేయి పట్టుకుని దిగింది అనసీని. వీకా మోకాళ్లకి ఊతమిద్దామని. మంచి పిల్ల.

సేమిసి పడవలో నాలుగో పందిని పంపుతానన్నాడు! ఇక లోటు లేదు.

ఏప్రిల్ 24, గురువారం

రాజధానికి వెళ్లాం. జట్టులో అందరి కాళ్లూ చూస్తారని సేలా రమ్మంది. నేనూ వెళ్లాను, వీకా కూడా. తెల్ల చొక్కా వేసుకున్నాను.

చూసేది ఉనా అనే అమ్మాయి, మనవాళ్ల పిల్లే, బ్రిస్బేన్‌లో చదివొచ్చిన ఫిజియో. నేల మీద నల్లటి పలక పరిచింది. దాని మీద నడిస్తే, ఏ చోట ఎంత బరువు పడిందో పక్కన టీవీలో రంగులు వస్తాయి. తక్కువైతే నీలం, ఎక్కువైతే పసుపు, మరీ ఎక్కువైతే ఎరుపు. నన్ను కూడా నడవమంది సరదాకి. నా పాదం మొత్తం నీలంగా, చెరువులా పరుచుకుంది. "పెద్దాయన పాదం నేలతో రాజీ పడింది" అంది ఉనా. అందరం నవ్వాం.

తర్వాత అనసీని, బ్రేసులు లేకుండా. రెండు దీవులూ వచ్చాయి, మధ్యలో సన్నని గీత. నేను గర్వంగా, "అది మా అమ్మ పాదం" అని చెప్పాను.

"ఇప్పుడు బ్రేసులతో నడువు. నువ్వే కట్టుకుంటావా?"

"మా నాన్న కడతాడు" అంది అనసీని.

అందరూ నా వైపు చూశారు. కింద కూర్చుని కట్టాను. బాగా కట్టాను. అందరూ చూస్తున్నారని ఇంకా బాగా కట్టాను. మీటాను. మోగింది. సేలా చప్పట్లు కొట్టింది.

అనసీని నడిచింది. టీవీలో ఎడమ పాదం మీద చిటికెన వేలి వైపు ఎర్రటి గాటు. సగం పాదం దగ్గర. రేవులో నీళ్లు నిలిచిన చోటే.

నేను టీవీ వైపు చూడకుండా కిటికీ వైపు చూశాను.

"ఇంత గట్టిగా కట్టింది..." అని ఆగిపోయింది ఉనా. నేనే కట్టానని అందరూ చూశారు కదా, ఇంకేం అడుగుతుంది! నా పక్కన కూర్చుంది. "పెద్దాయనా, బ్రేసు చెడ్డది కాదు. మీలాంటి చదును పాదమైతే బరువుని పాదమంతా పంచుకుంటుంది. ఈమెకి వంపు ఎక్కువ, నేలకి తగిలే చోటే తక్కువ. చీలమండ కాస్త తిరిగితే బరువు కాస్త లోపలికి జారుతుంది. అది తిరగడం లేదు. ఎగిరి దిగిన బరువంతా ఎక్కడికి పోవాలి?"

ఎక్కడికి పోవాలి!

"అన్నిటికీ ఇదొక్కటే కారణమని నేననను" అని కూడా అంది. "సిమెంటు కోర్టూ ఉంది, ఆటా ఎక్కువైంది."

ఆ ఎర్రటి చోట బొటనవేలితో నొక్కింది. అనసీని నోరు తెరవలేదు. వేళ్లు మాత్రం ముడుచుకున్నాయి, రెండు పాదాలవీ.

"ఎప్పట్నుంచి నొప్పి?"

అనసీని నా వైపు చూసింది. "నొప్పేం లేదు."

"నాన్నగారు కాసేపు బయట కూర్చుంటారా?" అంది ఉనా, ఎంతో మర్యాదగా.

బయట బల్ల మీద కూర్చున్నాను. నా పని నాకు తెలిసినట్టు ఎవరికి తెలుసు? అక్కడ గుర్తొచ్చింది మా నాన్న మాటలో రెండో సగం. "బిగువుగా ఉంటేనే ఇల్లు నిలబడుతుందిరా. కాని గాలికి ఊగనివ్వు. ఊగని ఇంటికి కట్టు తెగదు, స్తంభం విరుగుతుంది."

ఎముకల ఫోటో తీశారు. చిటికెన వేలికి పోయే ఎముకలో బీట. వెంట్రుకంత. వీకా వచ్చి చెప్పింది. అనసీని లోపల చెప్పిందట, నొప్పి మార్చి మధ్యనుంచి ఉందట.

"నాకెందుకు చెప్పలేదు?"

వీకా నా చొక్కా మడత సరిచేసింది. "నువ్వంత సంతోషంగా ఉన్నావు కదయ్యా" అంది.

ఏప్రిల్ 25, శుక్రవారం

సిమెంటు కోర్టు. ఉనా తనే అంది.

ఏప్రిల్ 26, శనివారం

సేలా వచ్చింది. ఈసారి ఏమీ తినలేదు. ఆటగాళ్ల జాబితా మే పదో తేదీన పోటీలవాళ్లకి పోతుందట, ఆ తర్వాత మార్చరాదట. "జూలైకి ఇంకా రెండు నెలలున్నాయి. కొంచెం విశ్రాంతిస్తే ఆడగలదేమో బాబాయ్. నేను బలవంతం చేయను. మీరూ అమ్మాయీ ఆలోచించి చెప్పండి" అంది.

ఉనా మాట వేరు. ఇప్పుడు బరువు మోపకుండా ఉంటే అతుక్కుంటుంది, ఆ తర్వాత కూడా నెలల తరబడి ఎగరకూడదు. అలా కాక ఆడితే పూర్తిగా విరగొచ్చు. విరిగితే ఎముకలో మర మేకు వేయాలి. అక్కడ రక్తం సరిగా అందదు, మర వేసినా అతుక్కుంటుందన్న నమ్మకం లేదు. తర్వాత ఆట సంగతి వదిలేయండి, నడక సంగతి చూసుకోవాలి అంది.

అనసీనిని పిలిచి కూర్చోబెట్టాను. చంకల్లో కర్రలతో వచ్చింది.

"నువ్వేం అంటావే?"

"నువ్వెలా అంటే అలా నాన్నా."

"ఆడాలని ఉందా?"

"నువ్వు చర్చిలో చెప్పావు కదా."

అంతే అంది. మొహంలో ఏమీ లేదు. చిన్నప్పుడు దాని మొహం చూసి వానొస్తుందో రాదో చెప్పేవాణ్ణి.

ఏప్రిల్ 27, ఆదివారం

చర్చిలో అందరూ దాని కాలికోసం ప్రార్థించారు. జూలైలోపు నయం కావాలని. కర్రలు చూసి, "పరవాలేదమ్మా, దేవుడి పేరుమీద చెప్పిన మాట దేవుడే నిలబెడతాడు" అని ముసలమ్మలు దాని బుగ్గలు ముద్దాడారు. మాట చెప్పింది దేవుడు కాదు, నేను. లేచి, నా మాట నేను వెనక్కి తీసుకుంటున్నానని చెబుదామనుకున్నాను. లేవలేదు. దేవుడి ముందిచ్చిన మాట తండ్రి వెనక్కి తీసుకోలేడు. ఆడమని చెప్పలేను. ఆడొద్దని చెప్పలేను.

నాలుగో పంది వవాఊ నుంచి పడవలో వచ్చింది. మంచి పంది.

ఏప్రిల్ 30, బుధవారం

తండ్రి మాట మీద మాట చెప్పగలిగేది ఈ భూమ్మీద ఒక్కరే, తండ్రి అక్క.

వీకాని వెంటబెట్టుకుని వెళ్లాను. అక్క లోపల చాప అల్లుతోంది. డెబ్బై ఎనిమిదేళ్లు, ఇంకా కళ్లద్దాలు లేవు. నేను లోపలికి వెళ్లను కదా, మెట్ల మీద, వీధి వైపు తిరిగి కూర్చున్నాను. చిన్నప్పట్నుంచీ అక్కా నేనూ ఒక గదిలో కూర్చుని మాట్లాడింది లేదు. ఏ అక్కా తమ్ముడూ కూర్చోరు. ఏదైనా వీకా ద్వారానే.

"వీకా" అంది అక్క లోపలినుంచి, నాకు వినపడేట్టు, "మీ ఆయన్ని అడుగు, ఈసారి రేడియోలో చెప్పించలేదేం?"

వీకా నోటికి చేయి అడ్డం పెట్టుకుంది.

"అక్క మీద నాకు ఎంత..." అని మొదలుపెట్టాను. 

"వీకా, మీ ఆయన్ని అడుగు, ఆ పిల్ల మార్చి నుంచి చర్చి మెట్లు గోడ పట్టుకుని దిగుతోంది, కనపళ్లేదా?"

"చూడలేదని చెప్పు వీకా" అన్నాను.

అక్కకి అబద్ధం చెప్పాను. జీవితంలో మొదటిసారి.

లోపల అల్లే ఆకుల చప్పుడు ఆగింది.  నేను వచ్చిన పని అడగలేదు. అడగరాదు. మా ఆచారంలో మేనత్త ఏది కావాలంటే అది తీసుకుంటుంది, మేనత్తని తీసుకోమని ఎవరూ అడగరు. మెట్ల మీద కూర్చుని వీధిలో కోళ్లని చూస్తూ ఉన్నాను. నా కళ్లల్లో నీళ్లు కోళ్లే చూశాయి.

చివరికి అక్క అంది, "సరే. తమ్ముణ్ణి ఇంటికి పొమ్మను. ఆదివారం పిల్లల పండగ. చొక్కా ఇస్త్రీ చేయించు, పోయినసారి నలిగి ఉంది."

అంతే. ఇంకేమీ లేదు.

మే 3, శనివారం

అక్క దగ్గర్నుంచి ఏ కబురూ లేదు. చొక్కా ఇస్త్రీ అయింది.

మే 4, ఆదివారం

పిల్లలంతా తెల్లబట్టల్లో వరసగా నిలబడి వచనాలు చెప్పారు. ఒక పిల్లవాడు సగంలో మరిచిపోయి వాళ్ల అమ్మ వైపు చూశాడు, ఆమె పెదాలు కదిపింది, చర్చంతా కలిసి చెప్పింది. సేలా కూడా వచ్చి వెనక కూర్చుంది, తన చెల్లెలి పిల్లల కోసం.

చివరి పాట అయ్యాక అక్క లేచింది. కర్ర పట్టుకుని ముందుకి నడిచింది. పాస్టరు గారు పక్కకి జరిగారు.

"నా తమ్ముడు ఇసిలేలి ఇంటినుంచి నాకొకటి కావాలి" అంది.

వెనకనుంచి ఎవరో, "వవాఊ పంది!" అన్నారు. నవ్వులు.

"పంది నాకెందుకు? దాన్ని మీరు తినండి. నాకు పిల్ల కావాలి." కర్ర నేలకి ఆనించి నిలబడింది. "నా చావు చాప సగంలో ఉంది. నా కింద పరిచేది, నాతో మట్టిలోకి పోయేది. నా వేళ్లు పని చేయడం లేదు. రేపట్నుంచి అనసీని వచ్చి నా పక్కన కూర్చోవాలి. కూర్చుని అల్లాలి. చాప అయ్యేదాకా లేవకూడదు. జూలై అయినా, క్రిస్మసు అయినా."

మొన్న నా చెవులతో విన్నాను, ఆ వేళ్లు ఎంత వేగంగా పనిచేస్తున్నాయో.

 ఎవరేం మాట్లాడతారు? మేనత్త అడిగింది. రాజుగారైనా వద్దనలేరు. సేలా తల వంచుకుంది. పాస్టరు గారు నా వైపు చూశారు. ఈసారి నేను లేచి నిలబడ్డాను. చెప్పవలసిన మాట చెప్పాను.

"మీదేనక్కా. నా ఇంట్లో ఉన్నదంతా మీదే."

అక్క కూర్చోబోయి మళ్లీ లేచింది. "ఆ కాలి బ్రేసులు కూడా పంపించు. నా ఆడపంది ఏ తాడు కట్టినా తెంచుకుంటోంది. తమ్ముడు కట్టిన తాడు తెగదంటారుగా."

చర్చంతా నవ్వింది. అనసీని రెండు చేతుల్లో మొహం దాచుకుంది. భుజాలు కదిలాయి. నవ్విందో, ఏడ్చిందో. వచ్చేదారిలో చూస్తే కళ్లు ఎర్రగా ఉన్నాయి. బాధపడిందో, బరువు దిగిందో నాకు తెలియదు. అడగలేదు. నాలుగేళ్లుగా రోజూ ఆడిన పిల్ల అది.

మే 10, శనివారం

జాబితా పోయింది. పన్నెండు పేర్లు. ఆరో పేరు ఇంకెవరిదో.

మే 19, సోమవారం

రోజూ చేప తీసుకుని అక్క ఇంటికి వెళ్తున్నాను. మెట్ల మీద కూర్చుంటాను. లోపల వాళ్ల మాటలు వినిపిస్తాయి.

"ఇదేం అల్లికే! రాయిలా ఉంది. అచ్చం మీ నాన్న చేయి. కొంచెం వదులు, అది గోడ కాదు. దాని మీద పడుకోవాల్సింది నేను."

"చచ్చాక నీకేం తెలుస్తుందత్తా?"

"నాకు తెలుస్తుంది. లేచి వచ్చి నీ జుట్టు పట్టుకుంటాను."

అనసీని నవ్వింది. పైకి వినపడేట్టు. ఎన్నాళ్లయింది! నేను మెట్ల మీదే ఉండిపోయాను, చేప మీద ఈగలు ముసిరినా.

పెరట్లో పంది బ్రేసు తాడుతో కట్టి ఉంది. తెంచుకోలేదు.

జూన్ 6, శుక్రవారం

ఈ పుస్తకం మొదటినుంచీ చదివాను. మార్చి 22. మార్చి 23. అంతా నా చేతిరాతే.

జూన్ 14, శనివారం

నడిచింది! నా తల్లి నడిచింది!

గురువారం ఉనా ఫోటో తీసి, ఎముక అతుక్కుందని చెప్పింది. ఇక మెల్లగా నడవొచ్చు. ఎగరడం ఇంకా కొన్ని నెలల తర్వాతే. మళ్లీ జట్టులోకి వస్తుందా అంటే, "అది నేను చెప్పలేను పెద్దాయనా" అంది. ఎవరూ చెప్పలేరు. నేనైతే అసలే చెప్పను.

పొద్దున్న సముద్రం వెనక్కి తగ్గినప్పుడు రేవుకి తీసుకెళ్లాం. అక్క కూడా వచ్చింది, గొడుగు పట్టుకుని, దూరంగా, నాకు వీపు పెట్టి. అనసీని కర్రలు వీకాకిచ్చి ఉత్త కాళ్లతో తడి ఇసుకలోకి వెళ్లింది. ఇరవై మూడు అడుగులు. నేను లెక్కపెట్టాను.

తర్వాత వంగి అడుగులు చూశాను. మడమ ఒక దీవి, వేళ్లు ఒక దీవి, మధ్యలో సన్నని గీత. ఎడమదీ, కుడిదీ. వేలు పెట్టి లోతు చూశాను. రెండూ ఒకటే. మళ్లీ చూశాను. ఒకటే!

"నాన్నా, ఇసుకలో ఏం వెతుకుతున్నావు?"

"ఏం లేదే. గవ్వ."

అల వచ్చి తుడిచేసింది.

జూలైలో జట్టు వెళ్లే రోజున విమానాశ్రయానికి వెళ్లి చేయి ఊపుతానంటుంది. నేనూ వెళ్తాను. ఎలా నిలబడతానో తెలియదు.

ఈ రోజు చెప్పాల్సినవాళ్లు:

అక్కకి. చూసింది, అయినా ముందు గుమ్మానికి వెళ్లి చెప్పాలి. రేడియో కంటే ముందు.

ఫినావుకి. నడిచిందని. బ్రేసులు పంది కట్టుకుందని కూడా. వాడి తప్పేం లేదని ముందు చెప్పాలి, లేకపోతే ఏడుస్తాడు.

సేమిసికి. నడిచిందని. పంది సంగతి అడిగితే బాగా తింటోందని.

సిడ్నీలో ఓఫాకి. మెల్లగా చెప్పాలి, వాళ్ల వీధంతా జూలై కోసం జెండాలు కుట్టారట.

పాస్టరు గారికి. ఇరవై మూడు అడుగులని. నాలుగు పందులూ ఇస్తానని, ఆట కోసం కాదు, ఈ అడుగుల కోసం.

సేలాకి.

వీకా పక్కనే ఉంది, చూసింది. అయినా చెబుతాను.

అనసీనికి. మార్చి ఇరవై రెండునే ఇసుకలో చూశానని. అది ఇసుక వాలు వల్ల కాదని.